ఇల్లొక ఊళ్లో, క్లయింటొక ఊళ్లో: అమెరికా కాంట్రాక్టర్‌కి ‘మీదే ఊరు?’ ఎందుకంత చిక్కు ప్రశ్న

మనవాళ్లు ఎక్కడ కలిసినా మొదట అడిగేది ‘మీదే ఊరు?’ అని. అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసే ఐటీ మనిషి దీనికి ఏలూరనో ఖమ్మమనో చెప్పి నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఇదే ప్రశ్న ఇమ్మిగ్రేషన్ వాళ్లకూ, పన్నుల శాఖకూ, వేరే రాష్ట్రం రెవెన్యూ వాళ్లకూ ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కొలబద్ద. ఒకే మనిషికి ముగ్గురి లెక్కలో మూడు ఊళ్లు తేలినా తేలొచ్చు.

కొవిడ్ రోజుల్లో ఇంటి నుంచే నడిచిన ప్రాజెక్టుల్లో చాలావాటికి ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. అప్పట్లో డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, షికాగో పక్కన నేపర్‌విల్‌లోనో ఇల్లు కొనుక్కున్నవాళ్లకు క్లయింట్ రెండు వందల మైళ్ల అవతల ఉన్నాడు. రోజూ వెళ్లి రావాలా, అక్కడే గది తీసుకోవాలా, పిల్లల స్కూలు మార్చి అందరం కదలాలా? ఇంట్లో ఈ మాట నడుస్తుండగానే ఎంప్లాయర్ ఫోన్ చేసి ‘జీతం కొంచెం తగ్గించి పర్ డీమ్ (బయట ఊళ్లో పనిచేసిన రోజుకింతని ఖర్చు డబ్బు) ఇస్తాం, చేతికి ఎక్కువొస్తుంది’ అంటాడు. అసలు గందరగోళం అక్కడ మొదలవుతుంది.

## డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుంది

కాంట్రాక్టర్ అన్న మాటను మనం వదులుగా వాడతాం. ఎవరి ఆఫీసులో కూర్చుని పనిచేస్తామో వాళ్లు క్లయింట్. క్లయింట్‌కీ మనకీ మధ్య వెండర్, కొన్నిసార్లు ఇద్దరు వెండర్లు. చివర్లో మన పేరోల్ నడిపే కన్సల్టెన్సీ. చట్టం దృష్టిలో ఎంప్లాయర్ అంటే ఈ కన్సల్టెన్సీనే. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు దాదాపు అందరూ దీనికి డబ్ల్యూ-2 ఉద్యోగులు, అంటే పన్నులు కోసుకుని జీతం ఇచ్చే మామూలు ఉద్యోగులే. గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చాక సొంత కంపెనీ పెట్టుకుని కార్ప్-టు-కార్ప్‌గా పనిచేసేవాళ్ల లెక్క వేరు. ఈ వ్యాసం ఎక్కువగా మొదటి రకం వాళ్ల గురించి.

ఈ తేడా ఎందుకంటే, డబ్ల్యూ-2 ఉద్యోగి సొంత జేబు నుంచి పెట్టుకున్న ప్రయాణం, గది ఖర్చులను ఫెడరల్ రిటర్నులో తగ్గించుకునే వీలు 2018 నుంచి లేదు. మొదట 2025 వరకే అన్నారు, 2025లో వచ్చిన పన్ను చట్టం దాన్ని శాశ్వతం చేసింది. కాబట్టి ఖర్చు మీద పన్ను తప్పాలంటే అది ఎంప్లాయర్ ద్వారా, పద్ధతి ప్రకారం రీయింబర్స్ అవ్వాలి. ‘రసీదులన్నీ దాచాను, ట్యాక్స్ సీజన్‌లో చూసుకుందాం’ అనే పాత అలవాటుకు ఇప్పుడు విలువ లేదు.

## రోజూ వెళ్లి రావడం: గ్యాస్ లెక్క, అసలు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లు నేపర్‌విల్‌లో. క్లయింట్ ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో. (ఇండియానాలో ఒక బ్లూమింగ్టన్, మిన్నెసోటాలో ఇంకొకటి ఉన్నాయి, విమానం టికెట్ కొనేవాళ్లు జాగ్రత్త.) స్టేట్ ఫార్మ్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కావడంతో మన కాంట్రాక్టర్లకు బాగా తెలిసిన చోటే. ఐ-55 హైవే మీద దాదాపు 115 మైళ్లు, రెండు గంటలు. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసు.

రోజూ వెళ్లి వస్తే వారానికి 690 మైళ్లు. కారు గ్యాలన్‌కు 30 మైళ్లు ఇస్తుందనీ, గ్యాస్ (పెట్రోలు) మూడున్నర డాలర్లనీ అనుకుంటే 23 గ్యాలన్లు, సుమారు 80 డాలర్లు. అక్కడే షేరింగ్‌లో నెలకు 500 డాలర్లకు గది దొరికిందనుకుందాం. వారానికి 116, పైన ఒక్కసారి వెళ్లి రావడానికి గ్యాస్ 27, మొత్తం 143. ‘రోజూ తిరగడమే నయం, నెలకు రెండు వందల యాభై మిగులుతుంది’ అనిపిస్తుంది. నేనూ మొదట్లో ఇలాగే లెక్కేశాను.

కారు గ్యాస్‌తోనే నడవదు. టైర్లు, ఆయిల్, ఇన్సూరెన్సు, అన్నిటికన్నా ముఖ్యంగా కారు ధర పడిపోవడం ఉన్నాయి. ఇవన్నీ కలిపి వేసిన అంచనాగా ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఏటా ఒక మైలేజీ రేటు ప్రకటిస్తుంది. 2025కి అది మైలుకు 70 సెంట్లు. దాంతో చూస్తే రోజూ తిరిగితే వారానికి 483 డాలర్లు. ఒక్కసారి వెళ్లి గదిలో ఉంటే 161 ప్లస్ 116, అంటే 277. జవాబు తిరగబడింది. రెండు రాత్రులు హోటల్లో, రాత్రికి 110 చొప్పున ఉండి, రోజుకు 40 డాలర్లతో బయట తింటే 501, అంటే రోజూ తిరిగినదానికి ఇంచుమించు సమానం. మీది ఎలాగూ ధర పడిపోయిన పాత కారైతే నిజం ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడో ఉంటుంది. ఏడాదికి 48 వారాలు వేసుకుంటే 33 వేల మైళ్లు దాటుతాయి, అది మాత్రం ఏ కారుకైనా ఎక్కువే.

సమయం సంగతి. రోజుకు నాలుగు గంటలు, వారానికి 12, ఏడాదికి 576 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో 72 రోజులు స్టీరింగ్ వెనకే. ఇందులో డబ్బు కన్నా నన్ను భయపెట్టేది సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రోజు. ఉదయం నాలుగున్నరకు లేచినవాడు డిప్లాయ్‌మెంట్ ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు కారెక్కితే, అప్పటికే 17 గంటలు మేలుకుని ఉన్నాడు. వరుసగా 17 గంటలు మేలుకుంటే వచ్చే మత్తు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయిలో ఉంటుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఇల్లినాయ్‌లో తాగి నడిపిన కేసు 0.08 దగ్గర పెడతారు. ఐ-55 పక్కన మొక్కజొన్న చేలు తప్ప ఏమీ ఉండదు, రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది, నిద్రకు అంతకన్నా మంచి చోటు లేదు. రోజూ తిరిగేవాళ్లలో చాలామంది అలాంటి రోజులకని ఒక మోటెల్ చూసి పెట్టుకోవడం ఇందుకే.

## పర్ డీమ్: జీతం కాదు, ఖర్చుకు బదులు

పర్ డీమ్ అంటే ఇంటికి దూరంగా పని మీద ఉన్న రోజుకు బస, తిండి, చిల్లర ఖర్చుల కోసం ఇచ్చే లెక్క. ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం జీఎస్ఏ అనే సంస్థ ద్వారా ఏటా రేట్లు వేస్తుంది, ప్రైవేటు కంపెనీలూ వాటినే హద్దుగా వాడుకోవచ్చు. ప్రత్యేక రేటు లేని ఊళ్లకు 2025 అక్టోబర్‌తో మొదలైన ఏడాదికి బసకు 110 డాలర్లు, తిండికీ చిల్లరకూ 68. వెళ్లే రోజు, తిరిగొచ్చే రోజు తిండి లెక్కలో ముప్పావు వంతే, అంటే 51.

మన ఉదాహరణకు ఈ మామూలు రేటే వేసి చూద్దాం. రెండు రాత్రుల బసకు 220, తిండికి 51, 68, 51 కలిపి 170. వారానికి 390, 48 వారాలకు 18,720 డాలర్లు. ఇదే మొత్తం జీతంగా వస్తే 22 శాతం ఫెడరల్ స్లాబు, 7.65 సోషల్ సెక్యూరిటీ-మెడికేర్, 4.95 ఇల్లినాయ్ పన్ను, కలిపి 34.6 శాతం పోతుంది. అంటే పద్ధతి ప్రకారం ఇచ్చిన పర్ డీమ్ మీద ఏడాదికి దాదాపు 6,500 డాలర్లు మిగులుతాయి. ఎంప్లాయర్‌కీ తన వంతు 7.65 శాతం మిగులుతుంది. అందుకే ఇద్దరికీ ఇష్టం.

‘పద్ధతి ప్రకారం’ అన్నది గట్టి షరతు. ఏ తేదీల్లో, ఏ ఊళ్లో, ఏ పని మీద ఉన్నారో రాసి ఇవ్వాలి. పర్ డీమ్ అయితే ఎంత ఖర్చయిందో రసీదులు అక్కర్లేదు, కానీ ఈ మూడు వివరాలు తప్పవు. వెళ్లని రోజుకు తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. నాకు ఒకప్పుడు ఆఫరిచ్చిన ఒక కన్సల్టెన్సీ (పేరెందుకు లెండి) నెలకు ముప్పై రోజుల పర్ డీమ్ వేస్తామంది. శుక్రవారం నుంచి సోమవారం వరకు నేను మా ఇంట్లో పప్పన్నం తింటుంటే దానికి పర్ డీమ్ ఏమిటని అడిగితే ‘అందరికీ అలాగే వేస్తున్నాం’ అన్నారు. అదే వాళ్ల సమాధానం.

ఇంకో చిక్కు. గంటకు 60 డాలర్లని మాట్లాడుకుని, దాన్ని 45 జీతం, 15 పర్ డీమ్‌గా చీల్చడం. వెళ్తే పర్ డీమ్, వెళ్లకపోతే అదే డబ్బు జీతంగా, ఎలాగైనా 60 తగ్గదు. అలాంటప్పుడు అది ఖర్చుకు బదులు కాదు, జీతానికి వేరే పేరు. 2012లో ఇచ్చిన ఒక రూలింగ్‌లో ఐఆర్ఎస్ దీన్ని విడమరిచి చెప్పింది, ఇలా పేరు మార్చిన డబ్బంతా పన్ను పడే జీతమేనని. హెచ్-1బి వాళ్లకు ఇంకా ఉంది. ఎల్‌సీఏలో (పిటిషన్‌కు ముందు ఎంప్లాయర్ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో) రాసిన కనీస వేతనం పే స్టబ్‌లో జీతంగానే కనిపించాలి, పర్ డీమ్ ఆ లెక్కలోకి రాదు. పర్ డీమ్ ఎక్కువై డబ్ల్యూ-2 మీద జీతం చిక్కిపోతే హోమ్ లోన్ ఇచ్చేవాళ్లు చూసేదీ, సోషల్ సెక్యూరిటీ ఖాతాలో చేరేదీ ఆ చిక్కిన అంకెనే.

పర్ డీమ్ మోసమని దీనర్థం కాదు. రెండు చోట్లా నిజంగా ఖర్చు పెట్టేవాడికి అది న్యాయమైన ఊరట, అందుకే చట్టంలో ఉంది. సొంత కంపెనీ వాళ్లకు ఒక్క మాట. కంపెనీలో పది శాతానికి మించి వాటా ఉన్నవాళ్లు బసకు ఈ రేటు వాడకూడదు, అసలు బిల్లులే చూపాలి.

## ట్యాక్స్ హోమ్: భార్యాపిల్లలున్న ఊరు కాదు

పన్నుల భాషలో ‘హోమ్’ అంటే ప్రధానంగా పనిచేసే ఊరు. కుటుంబం ఎక్కడుందన్నది దానంతటదే తేల్చదు. ఆ ఊరి నుంచి దూరంగా తాత్కాలికంగా పనికి వెళ్తేనే మీరు ‘హోమ్’కు దూరంగా ఉన్నట్టు. తాత్కాలికం అంటే ఒకే చోట ఏడాది లేదా అంతకు లోపు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, ఎందుకంటే కొలిచేది గడిచిన కాలాన్ని మాత్రమే కాదు, ఎంతకాలం ఉంటుందని అనుకున్నామో దాన్ని కూడా.

జనవరిలో ఆరు నెలల కాంట్రాక్టు మొదలైంది. మేలో ఎక్స్‌టెన్షన్ వచ్చి మొత్తం పదిహేను నెలలయింది. అప్పుడు జనవరి నుంచి ఎక్స్‌టెన్షన్ ఖాయమైన రోజు వరకు వచ్చిన పర్ డీమ్ మీద పన్ను లేదు, ఆ రోజు నుంచి ఉంది. పదమూడో నెల దాకా ఆగనక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ. మొదటి రోజే పద్దెనిమిది నెలల ప్రాజెక్టన్నారు, ఎనిమిదో నెలలో బడ్జెట్ పోయి ఆపేశారు. ఉన్నది ఎనిమిది నెలలే అయినా మొదటి రోజు నుంచీ పన్ను పడుతుంది, అనుకున్నది ఏడాది పైన కాబట్టి. వినడానికి అన్యాయంగా ఉంటుంది, రూలు మాత్రం అదే. వారాంతాలు ఇంటికి వచ్చినంత మాత్రాన గడియారం సున్నాకు వెళ్లదు.

బ్యాచిలర్ల సంగతి ఇంకా ఇరుకు. ఒకబ్బాయి ఏడాదిగా క్లయింట్ వెంట ఊళ్లు మారుతున్నాడు. సొంత గది లేదు, రెండు సూట్‌కేసులు డాలస్‌లో స్నేహితుడి గరాజ్‌లో ఉన్నాయి, బ్యాంకు ఉత్తరాలు ఆ అడ్రస్‌కే. పర్ డీమ్ ఫారంలో ఇల్లు డాలస్ అని రాశాడు. ఐఆర్ఎస్ అడిగేవి మూడు: ఆ ఇంటి చుట్టుపక్కల పనిచేస్తూ అక్కడ ఉంటున్నావా, బయట ఉన్నప్పుడు ఆ ఇంటి ఖర్చు కూడా భరిస్తున్నావా, ఆ చోటుతో నిజమైన సంబంధం ఉందా. మూడింట్లో కనీసం రెండింటికి అవునని చెప్పలేనివాడికి వాళ్ల మాటలో ‘హోమ్’ లేదు, సంచారి. ఎక్కడ పనిచేస్తే అదే ఇల్లు. ఇంటికి దూరంగా ఉండటమన్నదే లేదు కాబట్టి పర్ డీమ్ మొత్తానికీ పన్ను. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్ అడ్రస్‌ను ఇల్లుగా రాసేవాళ్లూ ఈ గుంపులోకే వస్తారు.

## ఇమ్మిగ్రేషన్ కొలబద్ద: కూర్చునే కుర్చీ ఎక్కడుంది

హెచ్-1బి పిటిషన్‌కు ముందు ఎంప్లాయర్ కార్మిక శాఖకు ఎల్‌సీఏ దాఖలు చేస్తాడు. అందులో పనిచేసే చోటు, అక్కడి ప్రాంతీయ వేతనం ఉంటాయి. ఇక్కడ లెక్క మైళ్లలో కాదు, మహానగర ప్రాంతాల్లో, అంటే ఎంఎస్‌ఏల్లో. నేపర్‌విల్ నుంచి షికాగో డౌన్‌టౌన్‌కు మారితే ఒకే ప్రాంతం, కొత్త పిటిషన్ అక్కర్లేదు, ఎల్‌సీఏ నోటీసు కొత్త చోట అంటిస్తే చాలు. బ్లూమింగ్టన్ వేరే ఎంఎస్‌ఏ. అక్కడికి మారాలంటే ముందుగానే కొత్త ఎల్‌సీఏతో అమెండెడ్ (సవరించిన) పిటిషన్ వేయాలి. 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ కేసు తీర్పుతో ఇది తేలింది. పిటిషన్ అందిన తర్వాత ఆమోదం కోసం ఆగకుండా పని మొదలుపెట్టొచ్చు.

హైబ్రిడ్ వాళ్లు మరిచిపోయేది ఇంకోటి. మూడు రోజులు బ్లూమింగ్టన్‌లో, రెండు రోజులు నేపర్‌విల్ ఇంట్లో పనిచేస్తే ఇల్లూ పనిచోటే. రెండు అడ్రసులూ ఎల్‌సీఏలో ఉండాలి, ఒకే ఎల్‌సీఏలో పది దాకా రాయొచ్చు. 2025 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు తనిఖీ అధికారులు క్లయింట్ ఆఫీసుకే కాదు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఇళ్లకూ రావచ్చని రాతపూర్వకంగా చెప్పాయి.

అమెండ్‌మెంట్ లేకుండా కొద్దిరోజులు పంపే వెసులుబాటు ఉంది: ఏడాదికి 30 పనిదినాలు, అసలు ఆఫీసులో తన సీటు ఉండి, అక్కడే గణనీయంగా పనిచేస్తూ, ఇల్లూ అక్కడే ఉంటే 60. కానీ ఆ రోజుల్లో బస, ప్రయాణం, తిండి ఖర్చు ఎంప్లాయరే భరించాలి. వారానికి మూడు రోజులు వెళ్లేవాడికి 30 రోజులు పది వారాల్లో అయిపోతాయి.

2025 సెప్టెంబర్‌లో హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చాక ఊరు మారే అమెండ్‌మెంట్‌కూ కట్టాలేమోనని చాలామంది టెన్షన్ పడ్డారు. అమెరికాలోనే చెల్లే స్టేటస్‌తో ఉన్నవాళ్ల అమెండ్‌మెంట్, ఎక్స్‌టెన్షన్‌లకు అది వర్తించదని ఆ అక్టోబర్‌లోనే ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. అడ్రస్ మారితే పది రోజుల్లో ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం వేయాలన్నది మాత్రం పాత రూలే.

## ఒకే ప్రాజెక్టు, రెండు ఫైళ్లలో రెండు మాటలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిసి కొట్టుకునే చోటు ఇది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పిటిషన్ మూడేళ్లకు రావాలని కన్సల్టెన్సీ క్లయింట్ నుంచి లెటర్ తెప్పిస్తుంది. ‘ఈ ప్రాజెక్టు దీర్ఘకాలం సాగుతుంది, ఈ వ్యక్తి సేవలు మూడేళ్ల పాటు అవసరం’ అని అందులో ఉంటుంది. అదే వారం అదే కన్సల్టెన్సీ పేరోల్ విభాగం అదే మనిషికి, అదే ఊళ్లో, ‘తాత్కాలిక నియామకం, ఏడాది లోపు’ అన్న లెక్కన పర్ డీమ్ మొదలుపెడుతుంది.

రెండూ నిజం కావడానికి వీలుంది. పర్చేజ్ ఆర్డర్ ఆరు నెలలదే, క్లయింట్ ఆశ మూడేళ్లది, కాంట్రాక్టర్‌కి నిజంగా వచ్చే శుక్రవారం సంగతే తెలియదు. కన్సల్టెన్సీల వాదన ఇదే, ఇందులో బలం ఉంది. సీపీఏలలో (పన్నులు చూసే అకౌంటెంట్లలో) జాగ్రత్తపరులు మాత్రం మూడేళ్లని సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉండగా ఏడాది లోపు అనుకున్నామని చెప్పడం కష్టమంటారు. నాకు రెండో మాటే బరువుగా తోస్తుంది, ఎందుకంటే ఆడిట్ వస్తే చూసేది కాగితాన్నే, శుక్రవారం నాటి మన గుబులును కాదు. చూసేటప్పుడు కన్సల్టెన్సీ మూతపడి ఉండొచ్చు, రిటర్ను మీద సంతకం మాత్రం మనదే.

## రాష్ట్రం గీత దాటితే

మన ఉదాహరణలో రెండు ఊళ్లూ ఇల్లినాయ్‌లోనే ఉన్నాయి, బతికిపోయాం. ఫ్రిస్కోలో ఇల్లుండి ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో, వాల్‌మార్ట్ ఊళ్లో, పనిచేసేవాడు అక్కడ పనిచేసిన రోజుల జీతం మీద ఆర్కన్సా పన్ను కట్టాలి. టెక్సాస్‌లో జీతం మీద పన్నే లేదు కాబట్టి ఇంటి రాష్ట్రంలో తగ్గించుకునేదేమీ లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మన్‌హాటన్ వెళ్లేవాళ్లకు న్యూయార్క్ పన్ను వేస్తుంది, న్యూజెర్సీ దానికి క్రెడిట్ ఇస్తుంది. ఎంప్లాయర్ అవసరం కోసం కాక మన సౌకర్యం కోసం ఇంటి నుంచి పనిచేసిన రోజుల్నీ న్యూయార్క్ తన రోజులుగానే లెక్కేస్తుంది. న్యూజెర్సీ-పెన్సిల్వేనియా మధ్య, ఇల్లినాయ్-విస్కాన్సిన్ మధ్య ఒప్పందాలున్నాయి, అక్కడ జీతానికి ఇంటి రాష్ట్రంలో కడితే సరిపోతుంది.

## అందరం కదలడమా, ఒక్కరే ఉండటమా

కుటుంబమంతా క్లయింట్ ఊరికి మారిపోతే పైన చెప్పిన చిక్కులు చాలావరకు ఒక్క దెబ్బతో పోతాయి. ఇల్లూ పనీ ఒకే ఊళ్లో, పర్ డీమ్ ప్రశ్నే లేదు, ఎల్‌సీఏ ఒకటే. అందుకే పెద్దవాళ్లు ‘తిరుగుళ్లెందుకు, అందరూ ఒక్కచోట ఉండండి’ అంటారు. కానీ కాంట్రాక్టు ఆరు నెలలది, అపార్ట్‌మెంట్ లీజు పన్నెండు నెలలది, ఇంటి లోను ముప్పై ఏళ్లది. భార్యకు షికాగోలో ఉద్యోగం ఉంటే, పెద్దమ్మాయి పదకొండో క్లాసులో ఉంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రెండు నెలలు కొత్త ఊళ్లో సామాన్ల అట్టపెట్టెల మధ్య గడపడం కన్నా తెలిసిన ఇంట్లో, తెలిసిన మనుషుల మధ్య వెతుక్కోవడం నయమనేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం.

మధ్యే దారిగా ఎక్కువమంది చేసేది షేరింగ్ గది. బ్లూమింగ్టన్‌లో నేను ఎనిమిది నెలలు ఉన్న ఇంట్లో నలుగురం, నాలుగు ఊళ్ల వాళ్లం. సోమవారం రాత్రి ఫ్రిజ్ తెరిస్తే నాలుగు ఇళ్ల డబ్బాలు, మూతల మీద టేపు, టేపు మీద పేర్లు. గోంగూర ఎవరిదైనా అందరిదీ, పెరుగు మాత్రం ఎవరిది వాళ్లదే. ఆ ఇంట్లో ఒకాయన మాత్రం గోడకు క్యాలెండర్ తగిలించి, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నాడో రోజూ పెన్నుతో రాసేవాడు, బ్లూమింగ్టన్‌కు ‘బి’, ఇంటికి ‘ఇ’. మేం నవ్వేవాళ్లం. ఆ ఏడాది మా నలుగురి పర్ డీమ్ లాగ్ (ఏ రోజు ఎక్కడున్నామన్న లెక్క) ఎంప్లాయర్లు అడిగినప్పుడు, మిగతా ముగ్గురం ఫోన్లలో పాత గ్యాస్ బిల్లులు వెతుక్కుంటుంటే, ఆయన క్యాలెండర్ చింపకుండా పన్నెండు ఫొటోలు తీసి పంపేశాడు.